మాధవరం ఇంటికి ఒక తలుపు

చెన్నైలో నేను కట్టినన్ని ఇళ్ళు ఇంకెవరూ కట్టి ఉండరు. అయితే వాటిలో ఒక్కదాంట్లో కూడా ఎవరూ కాపురం పెట్టలేదు, ఒకసారి ఒక బల్లి తప్ప. అది కూడా కొన్నాళ్ళు ఉండి, గాలి ఆడలేదో ఏమో, ఖాళీ చేసి వెళ్ళిపోయింది. నా ఇళ్ళకు పునాది ఉండదు, కరెంటు ఉండదు, పక్కన నిలబడి గట్టిగా తుమ్మితే పైకప్పు కూడా ఉండదు. నేను ఆర్కిటెక్టు ఆఫీసులో మోడళ్ళు చేసేవాణ్ణి. కాయితం మీద గీసిన గీతలు చూస్తే ఇల్లు కట్టించుకునేవాళ్ళకు ఏమీ అర్థం కాదు కాబట్టి, అదే ఇంటిని అట్టతో, బ్లేడుతో, జిగురుతో బల్ల మీద పట్టేంత చేసి చూపించడం నా ఉద్యోగం. మా ఆవిడ పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే "మా ఆయన కన్‌స్ట్రక్షన్ లైన్లో ఉన్నారు" అని గొప్పగా చెప్పేది. మేముంటున్న అద్దె ఇంటి ఓనరు ముందు మాత్రం ఆ మాట ఎత్తేది కాదు.

నా చదువు సంగతి కూడా చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను క్లాసు బయట నిలబడమన్నాడు. మళ్ళీ లోపలికి రమ్మనలేదు. కాసేపు చూసి, అటునుంచి అటే రాయపురంలో మా ఇంటికి వచ్చేశాను. తర్వాత సైకిలు మీద ప్లాన్ల చుట్టలు మోసే పనిలో చేరి, మోస్తూ మోస్తూ మోడళ్ళ బల్ల దగ్గరికి చేరుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు మోడల్ అంటే కంప్యూటర్లో గిరగిరా తిరిగే బొమ్మ. నేనూ చూశాను, బ్రహ్మాండంగా ఉంటుంది. దుమ్ము ఉండదు, దోమ ఉండదు, సోఫా మీద ఎప్పుడూ ఒక తెల్లదొర కూర్చుని కాఫీ తాగుతుంటాడు. మాధవరం పాల కాలనీ పక్క వీధిలో ఆ దొరకేం పనో నాకు ఇప్పటికీ తెలియదు. మీ దొరగారి కాఫీ చల్లారేలోగా ఒక ఇంటి సంగతి చెబుతాను, వినండి.

ఊరి చివర మాధవరంలో ఆ ఇల్లు కట్టించుకుంటున్నవాళ్ళు, ఊరి నడుమ చూలైలో తరతరాలుగా స్టీలు పాత్రల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్ళు. పెద్దాయన, పెద్దమ్మ, వాళ్ళ అబ్బాయి, కోడలు. అబ్బాయిది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కోడలు గుంటూరు నుంచి వచ్చిన పిల్ల, ఆమెదీ అదే ఉద్యోగం. చూలైలో వాళ్ళ ఇల్లు రైలు పెట్టెలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు గదిలోంచి నడుమ గదికి, నడుమ గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి వెనక బాత్రూముకి పోవాలి. మధ్యలో ఎవరైనా తలుపు మూస్తే ముందువాళ్ళు ముందే, వెనకవాళ్ళు వెనకే. అందుకని ఆ ఇంట్లో తలుపులు వేసే అలవాటే లేదు. తలుపు మూసుకుందంటే ఎవరో అలిగారని అర్థం. ఇంకాసేపు మూసే ఉంటే, రాజీ చేయడానికి మేనమామ బయల్దేరాడని అర్థం.

ఇక మా ఆర్కిటెక్టు సారు. ఆయనకు గోడలంటే పడదు. చిన్నప్పుడు ఏ గోడ ఆయనకేం అపకారం చేసిందో గానీ, పెన్సిలు పట్టుకుంటే చాలు, ఉన్న గోడలన్నీ తీసేసేవారు. "ఇల్లు ఊపిరి పీల్చాలయ్యా" అనేవారు. హాలు, వంటగది, భోజనాల బల్ల అన్నీ ఒకటే చోట. హాలు మీద పై అంతస్తు వేయకుండా ఇంటి కప్పు దాకా ఖాళీగా వదిలేస్తారు. దాని పేరు డబుల్ హైట్. అంత ఎత్తున ఫ్యాను వేలాడుతుంది. దానికి బూజు పడితే ఫైరింజనుకు ఫోన్ చేయాలి. అయినా ఫొటోలో బాగుంటుంది. సారు కట్టిన ఇళ్ళన్నీ ఫొటోలో చాలా బాగుండేవి. అందులో మనుషులు చేరాకే తేడా వచ్చేది.

అలా చూలైలో తాతల నాటి ఇల్లూ, మా సారు నేటి కాలపు ఇల్లూ ఒక్క విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకున్నాయి. లోపల తలుపులు అక్కర్లేదు.

మొదటి మీటింగులో ఎవరికి కావలసింది వాళ్ళు చెప్పారు. పెద్దాయన కారుకు ఎండ తగలకూడదన్నాడు. పెద్దమ్మ వడియాలకు ఎండ తగలాలంది. అబ్బాయి సినిమా చూసే గది అడిగాడు. కోడలు చివర్లో, గొంతు తగ్గించి, "పైన తలుపున్న చిన్న గది ఒకటి ఉంటే చాలండీ, పని చేసుకోవడానికి" అంది. సారు తల ఊపి రాసుకున్నారు. ప్లాను వచ్చేసరికి ఆ గది హాలు మీది ఖాళీ అంచున, గాజు రెయిలింగు పక్కన, ఒక బల్ల, ఒక కుర్చీ అయింది. గోడ లేదు, తలుపు లేదు. దానికి సారు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే మెట్ల మలుపు.

మోడల్ ముగింపుకు వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ కోడలు పిల్ల ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. సారు లేరు. నేను స్పాంజి ముక్కలకు పచ్చరంగు అద్ది చెట్లు నాటుతున్నాను. ఆమె వంగి, మోడల్లోకి చాలాసేపు చూసి, మెట్ల మలుపు దగ్గర వేలు పెట్టింది.

"బాబాయ్ గారూ, నేను ఇక్కడ కూర్చుంటే కింద కుక్కర్ విజిల్ వినపడుతుందాండీ?"

"విజిల్ ఏంది మ్మా, లోపల ఉడికేది ఏ పప్పో కూడా తెలస్తాది."

నవ్వింది. నవ్వి, అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. సంగతి ఏమిటంటే, ఇంటి నుంచి పని చేయడానికి వాళ్ళ ఆఫీసు ఒప్పుకుంది గానీ, ఈమె మాట్లాడుతుంటే వెనకనుంచి కూరల బేరాలు, మిక్సీ మోతలు, రాజీకొచ్చిన మేనమామ దగ్గులు వినపడుతున్నాయట. శబ్దం లేని చోటు చూసుకో, లేకపోతే రోజూ ఆఫీసుకు రా అని వాళ్ళ మేనేజరు తేల్చి చెప్పాడట. ఆఫీసేమో ఊరికి ఆ చివర. మాధవరం నుంచి అక్కడికి రోజూ పోయి రావడమంటే బస్సులోనే కాపురం పెట్టాలి.

"అంటే మానేయడమేనండీ," అంది. "నేను పరీక్షలు రాసి, ఎంతమందితో పోటీ పడి తెచ్చుకున్న ఉద్యోగం. ఒక తలుపు లేక పోతోంది."

"ఇంట్లో గట్టిగా అడగరాదా?"

"తలుపు అడిగితే, ఎవరేమన్నారమ్మా, నీకేం తక్కువైంది అంటారు. వాళ్ళ దృష్టిలో తలుపు అడగడం, వేరు కాపురం అడగడం ఒకటేనండీ."

"మీ ఆయన?"

"ఆయన భోజనాల బల్ల మీదే పని చేసుకుంటారు. పాలు పొంగుతున్నాయేమో చూడు అని ఆయన్నెవరూ అడగరు కదండీ."

"మరి నువ్వు ఇప్పుడు యాడ కూర్చుంటాండావు?"

ఆమె అటూ ఇటూ చూసి, "బాత్రూంలో" అంది. "మూత వేసి, దాని మీద కూర్చుంటానండీ. ఎవరికీ చెప్పకండేం."

చెప్పను అన్నాను. ఎవరికీ చెప్పలేదు కూడా. నోటితో చెప్పలేదు.

ఇక్కడ నా బుద్ధి గురించి కాస్త చెప్పాలి. మోడల్లో పెట్టడానికి గోరంత మనిషి బొమ్మలుంటాయి. సోఫాలో ఒకటి, తోటలో ఒకటి పెడతాం, ఇంటి కొలత తెలియడానికి. నేను ప్రతి మోడల్లోనూ ఎక్కడో ఒక మూల ఒక బొమ్మను నా సరదా కోసం దాచేవాణ్ణి. ఒక డాక్టరుగారి ఇంట్లో పంపు షెడ్డు వెనక సిగరెట్టు తాగే మనిషి. ఒక లాయరుగారి ఇంట్లో గోడ దూకుతున్న మనిషి. మీటింగుకు ముందు సారు కళ్ళజోడు సవరించుకుని ఆ బొమ్మను వెతికి, చిన్న పట్టకారుతో పట్టి పీకేసి, నన్ను తిట్టేవారు. అది మా ఇద్దరికీ అలవాటైన ఆట. ఈసారి పై అంతస్తు బాత్రూంలో, కమోడ్ మూత మీద, జడ వేసుకున్న ఒక బొమ్మను కూర్చోబెట్టాను. ఒడిలో మాత్రల పొట్లం వెండి రేకు ముక్కను మడిచి ల్యాప్‌టాప్ కూడా పెట్టాను. చాలా ముద్దుగా వచ్చింది. సారు ఎలాగూ పీకేస్తారు కదా అని ధీమా.

పీకేసేవారే. కానీ మీటింగు రోజున పెద్దాయన, చెప్పిన టైముకు రాహుకాలం వస్తోందని, కుటుంబం మొత్తాన్ని కారెక్కించి ముందే వచ్చేశాడు. సారు అప్పుడే టిఫిన్ పొట్లం విప్పారు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నలుగురూ బల్ల చుట్టూ ఉన్నారు.

పెద్దమ్మ మొదట పూజగది వెతికింది. దొరకగానే హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసి, ఆ అట్ట గుమ్మానికి బొట్టు పెట్టింది. మచ్చ లేని తెలుపు మీద ఆ ఎర్ర చుక్క చూసి సారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. పెద్దాయన కారు దగ్గర ఆగాడు.

"ఏం ప్పా, మాది పెద్ద కారు కదా, ఈడ చిన్నది పెట్టినావే?"

"మోడల్ కదండీ, అన్నీ చిన్నవే," అన్నారు సారు.

"అయినా కానీ. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఇంతలో అబ్బాయి పైకప్పు మీద చెయ్యి వేశాడు. "ఇది ఎత్తి చూడొచ్చా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "సుమ్మా అట్లనే ఉండనీ తంబీ, పైన ఏమీ లేదు" అన్నాను. మా సారుకు అది అవమానంగా తోచింది. "ఏమీ లేకపోవడమేమిటయ్యా?" అని ఆయనే స్వయంగా ఎత్తేశారు.

పెద్దమ్మ వంగింది. కళ్ళజోడు పెట్టుకుని ఇంకా వంగింది.

"ఇదెవరు ప్పా, కక్కసులో?"

ఇటువంటి సమయాల్లో నా నోరు నన్నడక్కుండా పని చేస్తుంది. "ప్లంబరమ్మా," అన్నాను. "రిపేరుకు వచ్చినాడు."

"ప్లంబరుకు జడ యాడిది?"

సారు నా వైపు చూశారు. ఆ చూపుకు జిగురు సీసా గడ్డకట్టాలి. పెద్దమ్మ నిటారుగా నిలబడింది.

"మా ఇంటి కోడల్ని కక్కసులో కూర్చోబెట్టి తమాషా చేస్తాండావా? రేపు మా చుట్టాలు దీన్ని చూస్తే, వీళ్ళు కోడల్ని ఇట్లనా పెట్టుకున్నారు అనుకోరా?"

కోడలి మొహం నేను చూడలేకపోయాను. నమ్మి చెప్పిన మాటను బల్ల మీద పరిచి, దానికి వెండి రేకు కూడా అంటించాను కదా. క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోగా ఆమే మాట్లాడింది.

"అది నేనే అత్తయ్యగారూ. ఆయన తప్పేం లేదు. నేను రోజూ అక్కడే కూర్చుంటాను. మన ఇంట్లో లోపలి వైపు గడియ ఉన్న తలుపు అదొక్కటే కదండీ."

ముందుగా తేరుకున్నది పెద్దాయన.

"అదా సంగతి! నేను పొద్దున బకెట్టు పట్టుకోని బయట నిలబడుకోని ఉంటే, లోపల్నుంచి ఇంగ్లీషులో వినపడతాందా, వినపడతాందా అంటావు. నన్ను అడగతాండావనుకోని నేనుగూడా, వినపడతాంది తల్లీ, బిరీన రా అంటా ఉంటినే!"

"అవును మావయ్యగారూ. అది మా క్లయింటు కూడా విన్నాడు."

"విని ఏమన్నాడు?"

"ఈ కొత్త మేనేజరు ఎవరు, చాలా తొందరపెడుతున్నాడు అన్నాడండీ."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. ఆ నవ్వు ఆగే లోపల కోడలు మిగతాది కూడా చెప్పేసింది. మేనేజరు పెట్టిన షరతు, ఊరికి ఆ చివరి ఆఫీసు, ఈ ఇంట్లో కూడా గది లేకపోతే ఉద్యోగం మానేయాల్సి రావడం, అన్నీ. గొంతు పెంచలేదు. మా సారు ఎదురుగా, మెట్ల మలుపు వైపు వేలు చూపించి, "ఇక్కడ కూర్చుంటే అది చూలై ఇల్లే సార్, కాస్త ఎత్తులో ఉంటుంది, అంతే" అంది.

"హెడ్‌ఫోన్లు కొనిస్తానన్నా కదా," అన్నాడు అబ్బాయి.

"అవి నా చెవులకండీ. మిక్సీకి కాదు."

అబ్బాయి తన ఫోనులో ముఖ్యమైనదేదో చూసుకోసాగాడు. సారు కర్టెన్ అన్నారు. జరిపే తెర అన్నారు. వాయిద్యాల సంగీతం పెట్టుకోవచ్చన్నారు. గోడ తప్ప ఈ భూమి మీద ఉన్నవన్నీ అన్నారు. అప్పుడు పెద్దాయన వ్యాపారస్తుడి తెలివితో ఒక మార్గం కనిపెట్టాడు.

"ఇంతసేపు ఎందుకు ప్పా? ఆ బాత్రూమునే కొంచెం పెద్దది చేసేస్తే పోలా? ఒక ఫ్యాను గూడా పెట్టేస్తాం."

మా సారు ఆ మాట రాసుకోవడానికి పెన్ను తీశారు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగా తీశారు.

పెద్దమ్మ ఇంకా మోడల్నే చూస్తోంది. హాలు మీది ఖాళీలోకి చెయ్యి దించింది. మణికట్టు దాకా పోయింది. చేతిని అలాగే అటూ ఇటూ ఆడించి పైకి తీసింది.

"ఈ బొక్క ఎందుకు?"

"అది బొక్క కాదమ్మా, డబుల్ హైట్," అన్నారు సారు. "కింద కూర్చుంటే ఆకాశం కింద ఉన్నట్టుంటుంది."

"ఆకాశం కావాలంటే మేడ మీదికి పోతాము. అది ఆడ ఊరికే ఉండాది."

"అమ్మా, ఇది ఈ ఇంటికి ఆత్మ."

"ఆత్మకు అంత జాగా ఎందుకు ప్పా?"

చాలా పెద్ద చదువులు చదివిన మా సారు దానికి జవాబు వెతుకుతుండగానే ఆమె తన అరచేతిని ఆ ఖాళీ మీద పలకలాగా పరిచింది. సరిగ్గా సరిపోయింది.

"ఈడ మూసెయ్యండి. మూసి, దాని మీద రూం కట్టండి. నాలుగు పక్కలా గోడ. తలుపు పెట్టండి. గడియ లోపలి పక్క పెట్టండి."

"అత్తయ్యగారూ..." అంది కోడలు.

పెద్దమ్మ ఆమె వైపు చూడలేదు. భర్త వైపు చూసింది. "పెండ్లై ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నేను ఒక్కరోజు గూడా సరిగ్గా అలగలేదు, తెలుసునా? కోపం వచ్చి తలుపేసుకుంటే, మీరు బాత్రూముకు పోవాలని తట్టేది. తలుపు తీసినాక ఇంకేం కోపం? మీకు కాపీ పెట్టేదే."

పెద్దాయన కారు బొమ్మను తీసి, ఆ పక్క నుంచి ఈ పక్కకు పెట్టాడు. తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"నీకు తమాషా ఎక్కువ ప్పా."

"అమ్మా."

"ఆ ప్లంబర్ను బయటికి తియ్యి."

అదే పూట, వాళ్ళు చూస్తుండగానే, అట్ట కోసి ఆ ఖాళీని మూశాను. సారు ఆకాశం ఒక పెళ్ళిపత్రిక అంత కూడా లేదు. బ్లేడు దిగుతుంటే ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. అట్టతో గోడలు నిలబెట్టి, తలుపుకు తెరిచి మూసేలా కాయితం కీలు కూడా పెట్టాను. ఆ కోడలు పిల్ల చూపుడు వేలితో దాన్ని ఒకసారి మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది. నా జీవితంలో నేను చేసిన తలుపులన్నిటిలో వాడుకలోకి వచ్చింది అదొక్కటే.

సారు చాలాకాలం నాతో మాట్లాడలేదు. పనులు చీటీల మీద రాసి పంపేవారు. ఆ చీటీల్లో కూడా కోపం కనపడేది, అక్షరాలు మరీ పెద్దవిగా ఉండేవి. తర్వాత తర్వాత ఏమైందో గానీ, ఆయన ప్రతి ఇంట్లోనూ పైన గడియ ఉన్న ఒక చిన్న గది పెట్టడం మొదలెట్టారు. దానికీ ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు. ఒక సభలో అద్దాలు సవరించుకుని, "ఆధునిక కుటుంబానికి ఏకాంతం అవసరమని నేను ఎన్నో ఏళ్ళ క్రితమే గుర్తించాను" అన్నారు. నేను చివరి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్ల అర్థం తెలిసింది ఆ హాల్లో ఆయనొక్కరికే.

పిల్లలూ, మీకు సలహా చెప్పేంత చదువు నాకు లేదు. కానీ ఆ కంప్యూటర్ బొమ్మలో దొరగారు లేచి వెళ్ళాక, ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళను ఒక్కొక్కర్నీ తీసుకొచ్చి కూర్చోబెట్టి చూడండి. అందరికీ చోటు దొరికి ఒకరికి మాత్రం దొరకకపోతే, ఆ ఇల్లు ఎంత ఊపిరి పీల్చినా లాభం లేదు. పక్కవాళ్ళు చెప్పుకున్న రహస్యాలకు బొమ్మలు చేసి పెట్టకండి. నాకు కలిసొచ్చింది గానీ, అలాంటివి అందరికీ కలిసిరావు.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. ఇల్లు నా మోడల్ కంటే కాస్త పెద్దదిగా, చాలా వేడిగా ఉంది. పాలు పొంగాయి, పూజ అయింది, చూలై చుట్టాలందరూ భోజనాల ముందు ఇల్లు చూడటానికి బయల్దేరారు. అందరూ చూడాలనుకున్నది ఆ ఒక్క గదినే. తలుపు తీసి, లోపలికి తొంగి చూసి, "అలగేదానికి రూం కట్టుకున్నారంట మ్మా" అని నవ్వుకుంటూ దిగిపోతున్నారు.

వాళ్ళంతా దిగాక నేను వెళ్ళాను. పట్టుచీర కట్టుకుని, జడలో పూలతో, ఆ పిల్ల ల్యాప్‌టాప్ ముందు ఉంది. ఏదో అర్జంటు పని ఆ రోజు కూడా వదల్లేదట. నన్ను చూసి మైకు ఆపి, నవ్వి, కూర్చోమంది. కూర్చున్నాను. ఈ గది ఎలా పుట్టిందో ఆమెకే వివరంగా చెప్పాను. నేనే లేకపోతే ఏమయ్యేదో చెప్పాను. మా సారు చీటీల కథ చెప్పాను, సభ కథ చెప్పాను, లాయరుగారి గోడ దూకిన మనిషి కథ కూడా చెప్పాను. లేచి, ఆ టేకు తలుపును వేళ్ళతో తట్టి చూశాను.

"తలుపు గట్టిదేనా మ్మా? శబ్దం లోపలికి వస్తాందా?"

ఆమె ఒకసారి ల్యాప్‌టాప్ వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"తలుపు చాలా గట్టిది బాబాయ్ గారూ. శబ్దమే, పొరపాటున లోపలే ఉండిపోయింది."